నిమిషానికి ఎనిమిదిసార్లు తల ఊపవలెను

మంగతాయారు ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు ఆమెకు ముఖ్యంగా భయపడటానికి పనికొచ్చింది. చదువురాని వాళ్ళు ఇంటికి కాగితం వస్తే ఎవరిచేతనో చదివించుకుని భయపడాలి. ఆమెకు ఆ ఆలస్యం లేదు. తనే చదువుకుని, సగం అర్థం చేసుకుని, మిగతా సగంలో తోచిన కీడు పూరించుకుని, నిలబడ్డచోటే భయపడేది.

ఆ రోజు కూతురు హిమబిందు సంగీత కళాశాల నుంచి ఒక కాగితం తెచ్చింది. మంగతాయారు కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి చదివింది. "వయోలా విద్యార్థుల పురోభివృద్ధి మరియు సహజ వాద్యవాదన ప్రోత్సాహక పథకము." మూడోసారి చదివాక ఆమె ముఖం పాలిపోయింది.

"ప్రోత్సహిస్తారంటే బిందూ! ఇప్పుడేం చేద్దామే?"

"ప్రోత్సాహమంటే మంచిదే కదమ్మా."

"నీకేం తెలుసు? పోయినేడు మా మహిళా సంఘాన్ని పుట్టగొడుగుల్లో ప్రోత్సహించారు. మంచాల కింద గడ్డి పరిపించారా? పుట్టగొడుగు ఒక్కటి లేవలేదు గాని, తేళ్ళు కాపురం పెట్టాయి. మీ నాన్న నెల్లాళ్ళు డిపోలో బస్సులోనే పడుకున్నాడు."

నిజానికి ఈ పథకం వెనక ఒక మంచిమాట తప్ప మరేమీ లేదు. రాజధాని నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళాశాల వార్షికోత్సవంలో పిల్లల కచేరీ విన్నారు. "బాగా వాయిస్తున్నారు. కాస్త బెదురు మానుకుని సహజంగా వాయిస్తే ఇంకా వృద్ధిలోకి వస్తారు" అన్నారు. గారె ఒకటి తిని, చెయ్యి కడుక్కుని, కారెక్కి వెళ్ళిపోయారు. ఆ మాటను పక్కనున్నాయన రాసుకున్నారు. రాసుకున్నది ఒక ఆఫీసుకి వెళ్ళింది, అక్కడినుంచి ఇంకో ఆఫీసుకి దిగింది. దిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు తమ వంతుగా ఒక నిబంధన కలిపారు. మళ్ళీ ఆ ఊరు చేరేసరికి ఆ మాటకు ఇరవయ్యారు నిబంధనలూ, నాలుగు అనుబంధాలూ, ఒక పర్యవేక్షణాధికారీ ఏర్పడ్డారు.

ఇక ఆ ఊళ్ళో వయోలాలు ఎందుకున్నాయన్నది ఇంకో కథ. పదకొండేళ్ళ కిందట పొడుగు పిల్లల కోసమని కళాశాలవారు వయొలిన్లకు రాసి పంపారు. గుమస్తా "వయొలిన్లు, పెద్దవి, నాలుగు" అని రాశాడు. అవతలివాళ్ళు అడిగినదానికంటే ఎక్కువ శ్రద్ధగా నాలుగు వయోలాలు పంపారు. వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది, ఒళ్ళు పెద్దది, గొంతు బరువు. వెనక్కి పంపాలంటే ఎవరో పొరబడ్డారని ఒప్పుకోవాలి. ఆ కళాశాలలో పొరబడే ఉద్యోగం ఏదీ మంజూరు కాలేదు. అందుకని వయోలా విభాగం తెరిచి, బోర్డు రాయించి, వయొలిన్ సోమయాజులు గారిని వయోలా సోమయాజులు గారిగా మార్చారు. స్టోరు పుస్తకంలో మాత్రం రాసింది రాసినట్టే ఉండిపోయింది. అందులో కొట్టివేతలు నిషిద్ధం.

ఆ నాలుగింటిలో ఒకటి హిమబిందు చేతికొచ్చి ఆరేళ్ళయింది. పొద్దున్నే తల్లి మిషను తొక్కుతుంటే, ఆ చక్రం రొదనే శ్రుతి అనుకుని పక్కన చాప మీద కూర్చుని వాయించుకునేది. మంగతాయారుకి రాగాల పేర్లు తెలియవు. కాని పిల్ల బాగా వాయించిన రోజున జాకెట్టు చేతులు వంకర పోయేవి, వాయించని రోజున కుట్టు తిన్నగా వచ్చేది. ఆ లెక్కన వాళ్ళింట్లో చాలా జాకెట్లు వంకరపోయాయి.

కాగితంలో ఇరవై మూడో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది. "సహజత్వము నిరూపించుకొనజాలని అభ్యర్థుల నుండి వాద్యము స్వాధీనపరచుకొనబడును."

"లాక్కుపోతారంటే" అంది మంగతాయారు. ఆమె కీడు ఊహించడం కొత్త కాదు గాని, ఊహించిన కీడు అచ్చులో కనబడటం అదే మొదటిసారి.

తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ పరాంకుశం గారు మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడారు.

"సహజత్వమనగా ఏమి? ఇంతవరకు ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు సహజంగా ఉండుట జరుగుచున్నది. ఈ అరాచకమును అరికట్టవలెనని పైవారి సంకల్పం. ఇకమీదట సహజంగా వాయించు అభ్యర్థి నిమిషానికి ఎనిమిదిసార్లు తల ఊపవలెను. తొమ్మిదోసారి ఊపినచో అతిశయము. ఏడుసార్లు మాత్రమే ఊపినచో నిరాసక్తత. కీర్తనలో రెండుచోట్ల చిరునవ్వు. పై పళ్ళు నాలుగు కనబడిన చాలును. ఒకసారి కన్నులు మూయవలెను, ఆరు సెకన్లు."

"మరి వాయించడం ఎప్పుడండీ?" అంది మంగతాయారు. తిరగబడాలని కాదు, ఎక్కడో మూడు సెకన్లు తక్కువై పిల్ల తప్పుతుందేమోనని.

పరాంకుశం గారు కాగితాలు తిరగేశారు. "వాదనము గురించి ప్రత్యేకముగా నిబంధన లేదమ్మా. కాబట్టి దానికి అభ్యంతరము లేదు."

వెనక బెంచీలో సోమయాజులు మేష్టారు దగ్గారు. ఆయన కాలమంతా దగ్గులతోనే అభిప్రాయాలు చెప్పిన మనిషి.

"సహజంగా వాయించువారికి అప్పుడప్పుడు తప్పులు దొర్లును" అని ప్రిన్సిపాల్ గారు కొనసాగించారు. "కావున పది నిమిషములకు ఒక సహజ దోషము తప్పనిసరి. ఏ స్వరము వద్ద దోషము చేయదలచినదీ ముందుగా తెలియజేయవలెను. అట్లే మనోధర్మం."

"మనోధర్మం అంటే అప్పటికప్పుడు మనసుకు తోచింది వాయించడమండి" అని మేష్టారు తల్లిదండ్రులకు మెల్లిగా చెప్పారు.

"అదే. అప్పటికప్పుడు తోచబోవునది మూడు ప్రతులలో పదిహేను రోజులు ముందుగా దాఖలు చేయవలెను. ఆమోదించబడిన మనోధర్మమునే తోచనివ్వవలెను."

మరుసటి వారంలో ప్రాథమిక పరీక్ష పెట్టారు. ఇప్పుడెన్ని మార్కులొస్తాయో చూసి, నెలనెలా పది మార్కుల చొప్పున పెరగాలట. అదే పురోభివృద్ధి. రెండు నెలల తరవాత తుది పరీక్ష.

ఈ కబురు వినగానే మిగతా ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు లోకం తెలిసినవాళ్ళు గనక లోకం తెలిసినట్టే చేశారు. దివ్యశ్రీ అనే అమ్మాయి తంత్రులు వదులు చేసి కూర్చుని, కమాను తిరగేసి పట్టుకుని వాయించింది. పదకొండు మార్కులొచ్చాయి. "అపారమైన వృద్ధికి అవకాశము గల అభ్యర్థిని" అని పరాంకుశం గారు నోటీసు బోర్డులో మెచ్చుకున్నారు.

హిమబిందుకి తొంభై రెండొచ్చాయి.

"తొంభై రెండా!" మంగతాయారు నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "కొంప ముంచావే! ఆ దివ్యశ్రీని చూసైనా నేర్చుకోవద్దా? ఎంత బాగా పాడుచేసింది!"

"నాకు చేత కాలేదమ్మా. పాడుచేద్దామనే కూర్చున్నాను. వేళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయి."

"వచ్చేనెలకి నూట రెండు. ఆపై నెలకి నూట పన్నెండు. వందకి నూట పన్నెండు ఎక్కడినుంచి తెస్తావే?"

ఆ సందేహం ఆఫీసులో అడిగితే గుమస్తా ఎంతో మర్యాదగా, "నూటికి నూరు దాటరాదని నిబంధనల్లో ఎక్కడా లేదు కదండి. కష్టపడితే రాదంటారా?" అన్నాడు.

మంగతాయారు కష్టపడింది. గుండీల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. పిల్ల తల ఊపినప్పుడల్లా ఒక నల్ల గుండీ, నవ్వినప్పుడు ఒక తెల్ల గుండీ, కళ్ళు మూసినప్పుడు హుక్కు. నిమిషం కాగానే లెక్క చూసేది.

"తొమ్మిది ఊపావు. ఒకటి తగ్గించు."

"నేనెక్కడ ఊపానమ్మా? దోమ కుట్టింది."

"ఆఫీసరుకి చెబుతావా దోమ సంగతి? నవ్వు. అంత కాదు. పై పళ్ళు నాలుగే. ఒసే, అది ఏడుపులా ఉందే!"

"ఏడుపేనమ్మా" అంది హిమబిందు.

నెల తిరిగేసరికి పిల్ల కరెంటు బొమ్మలా తయారైంది. తల ఊపేది, నవ్వేది, కళ్ళు మూసేది, తెరిచేది. నెలాఖరు పరీక్షలో తొంభై నాలుగొచ్చాయి. ఎనిమిది మార్కులు బాకీ పడ్డావని గుమస్తా రాసిచ్చాడు. దివ్యశ్రీ మాత్రం కమాను సరిగ్గా తిప్పి పట్టుకుని పదకొండు నుంచి ఇరవై ఒకటికి చేరుకుంది.

అప్పటికప్పుడు తోచబోయేది మూడు ప్రతుల్లో రాస్తూ హిమబిందు ఒకనాడు అడిగింది. "అమ్మా, ఇక్కడ 'ఈ స్వరము వద్ద అకస్మాత్తుగా ఆనందము కలుగును' అని రాశాను. తరవాత ఆనందం రాకపోతే?"

"వచ్చిందని చెప్పు. లేకపోతే వయోలా పోతుంది."

పిల్ల ఇక పొద్దున చాప వేయడం మానేసింది. మంగతాయారు మిషను ఒంటరిగా రొద పెట్టింది. ఆ నెల జాకెట్లన్నీ గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి. కుట్టించుకున్నవాళ్ళు మెచ్చుకుంటుంటే ఆమెకు గుండెల్లో రాయి పడేది.

ఉండబట్టలేక ఒకసారి మేష్టారిని అడిగింది. "మా పిల్ల గట్టెక్కుతుందంటారా?"

ఆయన ఈసారి దగ్గలేదు. "ఆ పిల్ల గురించి నాకు భయం లేదమ్మా మంగతాయారూ. నేర్పిస్తే వచ్చేది దానికి వచ్చేసింది. నేర్పకుండా వచ్చిందాన్నే ఇప్పుడు మనందరం కలిసి మాన్పిస్తున్నాం."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది. కాని ఇరవై మూడో నిబంధన ముల్లు అంతకంటే లోతుగా ఉంది.

తుది పరీక్ష టౌనుహాల్లో పెట్టారు. సహజత్వ పర్యవేక్షణాధికారి గారు వచ్చి వేదిక కింద బల్ల వేయించుకున్నారు. ఆయనకు ఇటూ అటూ ఇద్దరు లెక్కింపు సిబ్బంది, ఒకరు తలకు, ఒకరు నోటికి. గుమ్మం దగ్గర తల్లిదండ్రులకు చీటీలు పంచారు, ఎందుకంటే శ్రోతల స్పందన కూడా సహజంగా ఉండాలట. ఒకరి చీటీలో "భళా, మూడవ నిమిషము" అని ఉంది. ఇంకొకరికి "తొడపై తాళము, మెల్లగా." మంగతాయారు చీటీలో "ఆనందబాష్పములు, తొమ్మిదవ నిమిషము, ఎడమ కన్ను" అని ఉంది.

ఆమె చీటీ రెండుసార్లు చదువుకుంది. ఎడమ కంట్లోంచే తెప్పించడం ఎలాగ? పిల్లకి లెక్క తప్పితే సైగ చేద్దామని గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

మొదట దివ్యశ్రీ వాయించింది. సరిగ్గా ఎనిమిది తలలూపులు, నాలుగు పళ్ళు, ఆరు సెకన్లు. ముందే తెలియజేసిన చోట తప్పు చేసింది. తెలియజేయని చోట్ల కూడా ధారాళంగా చేసింది. "దోషముల విషయంలో ఉదారస్వభావము" అని అధికారి గారు రాసుకున్నారు. చీటీవాళ్ళు మూడో నిమిషంలో భళా అన్నారు.

తరవాత హిమబిందు. వేదిక మీద బాసింపట్టు వేసుకుని, వయోలా మెడ పాదం మీద ఆనించి కూర్చుంది. కల్యాణి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తల ఊపింది. నవ్వింది. మంగతాయారు ఒళ్ళో డబ్బా తెరిచి నల్ల గుండీలు తీస్తోంది. నాలుగు, ఐదు. మూడో నిమిషంలో పిల్ల కళ్ళు మూసింది. ఆరు సెకన్లయ్యాయి. తెరవలేదు. ఏడు. ఎనిమిది.

"తెరువే!" అని మంగతాయారు లోపల్లోపలే అరిచింది. సైగ చేద్దామని చెయ్యెత్తింది. డబ్బా జారి సిమెంటు గచ్చు మీద పడింది.

ఆరేళ్ళుగా ఊరందరి జాకెట్లకీ కుట్టగా మిగిలిన గుండీలు అవి. హాలంతా పరుగెత్తాయి. కుర్చీల కిందకి, బల్ల కిందకి, అధికారి గారి బూట్ల మధ్యకి. తల లెక్కించే ఆయన ఒక గుండీ మీద కాలేసి సర్రున జారాడు. నోరు లెక్కించే ఆయన ఆయన్ని లేపడానికి వంగాడు. తల్లిదండ్రులందరూ చీటీలు కింద పెట్టి గుండీలు ఏరడం మొదలుపెట్టారు. నాలుగు నిమిషాలపాటు ఆ హాల్లో ఎవ్వరూ ఎవ్వర్నీ లెక్కపెట్టలేదు.

ఆ నాలుగు నిమిషాలూ హిమబిందు వాయించింది.

కళ్ళు తెరవలేదు. తల ఊపిందో లేదో ఎవరూ చూడలేదు. ఆ బరువు గొంతు ముందు నేలబారున నడిచి, ఒక స్వరం దగ్గర కాసేపు కూర్చుని, మనసు మార్చుకుని ఇంకో దారిన మెల్లగా పైకి వెళ్ళింది. మూడు ప్రతుల్లో ఎక్కడా లేని దారి అది. గుండీలు ఏరుతున్నవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. వెనక నిలబడ్డ సోమయాజులు మేష్టారు గోడకి ఆనుకుని దగ్గడం మర్చిపోయారు. అధికారి గారి తల కూడా ఏ నిబంధనా లేకుండా రెండుమూడుసార్లు ఊగింది. ఆయన వెంటనే చేత్తో పట్టుకుని ఆపుకున్నారు.

మంగతాయారు నేల మీద గుప్పెడు గుండీలతో కూలబడి ఉంది. ఆమె మొహమంతా తడిసిపోయింది.

అప్పుడు అధికారి గారు గడియారం చూసుకుని గంట కొట్టారు. "ఆపించండి! ఆ మహిళ ఎవరు? తొమ్మిదవ నిమిషములో రావలసిన బాష్పములు ఏడవ నిమిషములోనే వచ్చినవి. పైగా రెండు కన్నుల నుండి!"

తీర్పు అక్కడే చదివారు. "అభ్యర్థిని వాదనములో నిమగ్నమై సహజత్వమును పూర్తిగా విస్మరించినది. ఆమోదము పొందని మనోధర్మము నాలుగు నిమిషములు. దోషములు సున్న, ఇది తీవ్రమైన లోపము. మార్కులు తొంభై ఆరు, అనగా నిర్ణీత వృద్ధికి పదహారు తక్కువ. వాద్యమును రేపు స్టోరునందు అప్పగించవలెను." దివ్యశ్రీకి ముప్ఫై ఒకటొచ్చాయి. జిల్లాలో అత్యంత సహజ వాద్యకారిణిగా శాలువా కప్పారు. ఆ పిల్ల దండం పెట్టి, నాలుగు పళ్ళు చూపించింది.

ఇంటికొచ్చాక హిమబిందు కమాను వదులు చేసింది. వయోలాని పాత చీరతో తుడిచి పెట్టెలో పెట్టింది. మంగతాయారుకి తనను తిట్టమని పిల్లని ప్రాధేయపడాలనిపించింది.

"నా చేతులు పడిపోనూ, నేనే చేశానే ఇదంతా" అంది.

"అమ్మా" అంది పిల్ల. "డబ్బా పడేయకపోతే ఆ నాలుగు నిమిషాలూ వచ్చేవి కావు."

మర్నాడు ఇద్దరూ స్టోరుకి వెళ్ళారు. స్టోర్‌కీపరు అబ్బులు మంగతాయారుకి వరసకి తమ్ముడవుతాడు. అందువల్ల మొహం చూడలేక పుస్తకం వైపే చూస్తూ, "ఏం చేస్తాం అక్కా, పై ఆర్డరు. వయోలా ఒకటి, జమ" అని కలం తీశాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. మొదటి నుంచి మళ్ళీ తిప్పాడు.

మంగతాయారుకి ఇంకో కీడు తోచింది. "ఏంట్రా అబ్బులూ? దొంగతనం అంటగడతారా ఏంటి?"

"వయోలా లేదక్కా."

"చేతిలో ఉంది కదరా!"

"చేతిలో ఉంది గాని పుస్తకంలో లేదు. పెద్ద వయొలిన్లు నాలుగున్నాయి. ఇది వయోలా. పుస్తకంలో లేనిది లోపల పెట్టానంటే ఆడిట్‌లో నన్ను పెడతారు లోపల. నేను పుచ్చుకోను తల్లీ."

"అదీ ఇదీ ఒకటేనని రాసుకోరా."

"ఎవరు రాస్తారు? నువ్వు ఏడో తరగతి, నీకెంతైనా ధైర్యం ఉంటుంది. నేను డిగ్రీ."

కథ ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. పరాంకుశం గారు ఆర్డరు చూశారు, పుస్తకం చూశారు, గోడ మీద వయోలా విభాగం ఫోటో చూశారు. ఆ వాద్యాన్ని వెనక్కి పుచ్చుకోవాలంటే అది ఎప్పుడో వచ్చిందని చూపించాలి. వచ్చిందని చూపించాలంటే పదకొండేళ్ళ కిందట పొరబాటు జరిగిందని రాయాలి. అలా రాస్తే విభాగం ఏమిటి, పథకం ఏమిటి, నిన్న కప్పిన శాలువా ఏమిటి అని అడుగుతారు. ఆయనకు మూడు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.

"మేష్టారూ, మీ అభిప్రాయం?"

సోమయాజులు గారు ఒక దగ్గు దగ్గి, జన్మలో మొదటిసారి ఆఫీసు భాషలో మాట్లాడారు. "సదరు వస్తువు యొక్క ఉనికి తేలువరకు అభ్యర్థిని వద్దనే భద్రపరచుట సమంజసం. అయితే వాయించని వాద్యము పాడగును. అందుచేత ప్రతిదినము వాయించి సంరక్షించవలసినదిగా ఆదేశించవచ్చును."

ఆదేశించారు. సంతకం చేశారు. ముద్ర వేశారు. ఉనికి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. దాంతో మంగతాయారుకి ధైర్యం చిక్కింది. కమిటీ అంటే పిల్ల పెళ్ళయి మనవలు పుట్టేదాకా వ్యవధి ఉన్నట్టే.

మర్నాడు పొద్దున్నే ఆమె మిషను తొక్కుతోంది. పక్కన చాప పడింది. చక్రం రొదలోంచి ఆ బరువు గొంతు మెల్లగా లేచింది. మంగతాయారు చెయ్యి అలవాటుగా గుండీల డబ్బా మీదకు పోయింది. ఆమె డబ్బా మూత బిగించి కాలితో మిషను కిందకి నెట్టేసింది. జాకెట్టు చెయ్యి ఎడంవైపుకి వంకర తిరిగిపోయింది.

వాయించడం ఆపి హిమబిందు అడిగింది. "ఎలా ఉందమ్మా?"

చాలా బాగుందే అనబోయి మంగతాయారు ఠక్కున నోరు మూసుకుంది. ఒక పెద్దాయన అన్న ఒక్క మంచిమాట ఎంత దూరం పోయిందో, పోయి ఏమై తిరిగొచ్చిందో కళ్ళారా చూసిన మనిషి. లేచి వీధి తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు రెండూ మూసింది. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, పిల్ల దగ్గరికొచ్చి, వంగి, చెవిలో చెప్పింది.